కాళ్ల మీదా, టబ్బులోనా, తడిగుడ్డతోనా? పసిబిడ్డకు నీళ్లు పోయడానికి ఏది మేలు

మా ఇద్దరు పిల్లలకీ రెండు రకాలుగా నీళ్లు పోశాం. పెద్దది 2017లో, నేను తణుకులో మా అమ్మ వాళ్లింట్లో ఉండగా పుట్టింది. నాలుగో నెల వెళ్లేదాకా రోజూ పొద్దున్న ఎనిమిదింటికి ఒకావిడ వచ్చి, బాత్రూంలో పీట వేసుకుని, కాళ్లు బారజాపి, పిల్లని కాళ్ల మీద పడుకోబెట్టి లాల పోసేది. రెండోవాడు 2021 మేలో హైదరాబాద్‌లో పుట్టాడు. కరోనా రెండో వేవ్ ఊపు మీదున్న రోజులు. అమ్మ బస్సెక్కే వీల్లేదు, బయటి మనిషిని గడప దాటనిచ్చే ధైర్యం లేదు, నాకేమో ఆపరేషన్ కుట్లు. వాడికి నీళ్లు పోసింది మా ఆయన, ఆన్‌లైన్లో తెప్పించిన నీలం రంగు టబ్బులో. మొదటిరోజు ఆయన చేతులు వణికిన వణుక్కి టబ్బులో అలలు లేచాయి.

అప్పట్నుంచీ కొత్తగా తల్లులైనవాళ్లు, వాళ్లకంటే ఎక్కువగా వాళ్ల మొగుళ్లు, నన్నడిగే ప్రశ్న ఒకటే: ఏది మేలు? ఇదివరకు "మీకు ఏది వీలైతే అది" అనేదాన్ని. ఇప్పుడు అనను. మూడు పద్ధతుల్లోనూ ప్రమాదం ఉంది గానీ ఒక్కోదాన్లో ఒక్కో చోట దాక్కుని ఉంది. తడిగుడ్డతో తుడిచేటప్పుడు భయమంతా చలితో. కాళ్ల మీద పోస్తే పోసేవాళ్ల చేతులతో. టబ్బులో అయితే నిలిచిన నీళ్లతో. మీ ఇంట్లో వీటిలో దేన్ని అదుపులో పెట్టుకోగలరో చూసుకుంటే సగం లెక్క తేలిపోతుంది.

బొడ్డు ఊడేదాకా

పుట్టగానే ఒళ్లు కడిగేయాలన్న తొందర మన పెద్దవాళ్లకి ఎక్కువ. బిడ్డ ఒంటి మీద వెన్న రాసినట్టుండే తెల్లటి పూత చూసి "ఇదేంటమ్మా, ఇంకా కడగలేదా" అని నర్సులతో గొడవకి దిగినవాళ్లని చూశాను. ఆ పూత మురికి కాదు. ఉమ్మనీటిలో నెలల తరబడి ఉన్న చర్మం నానిపోకుండా కాపాడింది అదే. బయటికొచ్చాక కూడా తేమ ఆరిపోకుండా, క్రిములు అంటకుండా కొంతవరకు అడ్డుపడుతుంది. పుట్టిన 24 గంటల దాకా స్నానం వద్దని, ఆచారం కొద్దీ ఆగలేనివాళ్లు కనీసం 6 గంటలైనా ఆగాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది.

అంత ఆగమనడానికి కారణం ఒంటి వేడి. పసిబిడ్డ బరువుకి చర్మం ఎక్కువ, మనతో పోలిస్తే రెండున్నర, మూడు రెట్లు. వేడి పోయే దారులు ఎక్కువన్నమాట. పైగా చలేస్తే మనలాగా వణికి వేడి పుట్టించుకోవడం వాళ్లకి రాదు. ఒళ్లు 36.5 నుంచి 37.5 డిగ్రీల మధ్య ఉండాలి. థర్మామీటర్ లేకపోయినా చేత్తో తెలుసుకోవచ్చు: మీ చెయ్యి వెచ్చగా ఉన్నప్పుడు బిడ్డ పొట్టా, అరికాళ్లూ తాకి చూడండి. రెండూ వెచ్చగా ఉంటే బాగున్నట్టు. పొట్ట వెచ్చగా ఉండి అరికాళ్లు చల్లబడ్డాయంటే చలి మొదలైనట్టు, వెంటనే గుండెలకి హత్తుకుని దుప్పటి కప్పుకోవాలి. రెండూ చల్లగా ఉంటే మాత్రం ఇంట్లో కూర్చుని చూసే వ్యవహారం కాదు, ఆస్పత్రికి బయల్దేరాలి.

బొడ్డు మామూలుగా 5 నుంచి 15 రోజుల్లో ఊడిపోతుంది. అందాకా తుడుపే మేలని మన పిల్లల డాక్టర్లు ఎక్కువమంది అంటారు, పెద్దవాళ్లూ కాదనరు. బొడ్డుకి పసుపు, నూనె, బూడిద, పౌడరు, ఏదీ పెట్టకూడదు. పొడిగా వదిలేయడమే దానికి వైద్యం. డైపర్ అంచుని బొడ్డు కిందికి మడిచి కడితే గాలి తగులుతుంది.

ఇక్కడో తిరకాసుంది. తుడుపు స్నానం అంటే బిడ్డకి చలి పెట్టదని మనం అనుకుంటాం కదా. 2004లో కెనడాలో వందమందికి పైగా పిల్లల మీద పోల్చి చూస్తే, గుడ్డతో తుడిచిన పిల్లల కంటే గోరువెచ్చని టబ్బులో దించిన పిల్లల ఒళ్లే తక్కువ చల్లబడింది, ఏడుపూ తక్కువే, బొడ్డు ఆరడంలో తేడా ఏమీ రాలేదు. ఆలోచిస్తే సబబే అనిపిస్తుంది. నీళ్లలో ఉన్న ఒళ్లు నీళ్లంత వెచ్చగా ఉంటుంది. తడిచేసి గాలికి వదిలిన ఒళ్లు ఆరుతూ ఆరుతూ చల్లబడుతుంది, మట్టికుండలో నీళ్లు చల్లబడినట్టు.

అందుకని తుడుపు మంచిదే గానీ, మొత్తం బట్టలు విప్పేసి, తల నుంచి కాలి దాకా తడిపేసి, ఆ తర్వాత తీరిగ్గా తుడవడం మాత్రం కాదు. తువ్వాల్లో చుట్టి ఉంచి, మొహం తుడిచి ఆరబెట్టి, తర్వాత ఒక చెయ్యి బయటికి తీసి తుడిచి లోపల పెట్టేసి, తర్వాత రెండోది. ఒక్కోసారి ఒక్కో ముక్క. కళ్లు ముందు, ఒక్కో కంటికి వేరే దూది, ముక్కు వైపు నుంచి చెవి వైపుకి. పిరుదులు చిట్టచివర. ఆడపిల్లలకి ముందు నుంచి వెనక్కే తుడవాలి. ఫ్యాను, ఏసీ ఆపేయాలి. ఐదు నిమిషాల్లో అయిపోవాలి.

నెలలు నిండకుండా పుట్టిన బిడ్డకీ, రెండున్నర కిలోల కంటే తక్కువ బరువున్న బిడ్డకీ ఈ మూడు పద్ధతుల చర్చే వద్దు. డాక్టరు సరేననేదాకా తుడుపే, అదీ ఆయన చెప్పినన్ని సార్లే. పదకొండో రోజు పురిటిస్నానం ముహూర్తం దాటిపోతోందని ఎవరైనా అంటే, ఆ నీళ్లు తల్లికి పోసి బిడ్డ మీద నాలుగు చుక్కలు చల్లండి. ఆచారానికి లోటేమీ రాదు.

కాళ్ల మీద

తెలంగాణలో తానం పోసుడన్నా, మా వైపు లాల పోయడమన్నా అందరికీ కళ్ల ముందు మెదిలే బొమ్మ ఇదే. చీర మోకాళ్ల పైకి మడిచి పీట మీద కూర్చుని, రెండు కాళ్లూ దగ్గరగా చాపితే మధ్యలో ఒక గాడి ఏర్పడుతుంది. బిడ్డ ఆ గాడిలో ఇమిడిపోతుంది, తల పోసేవాళ్ల పాదాల వైపు, కాళ్లు పొట్ట వైపు. ముందు వెల్లకిలా పడుకోబెట్టి ఛాతీ, చేతులు, కాళ్లు. తర్వాత బోర్లా తిప్పి వీపు, చివర్లో తల. తల మీద పోసేటప్పుడు ఎడమ చెయ్యి నుదుటికి చూరులా అడ్డం పెట్టి, కుడి చేత్తో చెంబు వంచుతారు. నీళ్లు చెవుల పక్క నుంచి జారి కిందికి పోతాయి, ముక్కులోకి రావు. చేయి తిరిగినవాళ్లు పోస్తుంటే చూడాలి, పిల్ల ఏడుపు మధ్యలోనే ఆగిపోయి నిద్రలోకి జారుకుంటుంది.

ఈ పద్ధతిని మొరటు పద్ధతి అని కొట్టిపారేసేవాళ్లని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. దీన్లో ఉన్న తెలివిని ఎవరూ లెక్కలోకి తీసుకోరు. మొదటిది, నీళ్లు ఎక్కడా నిలవవు. పోసినవి పోసినట్టు తూములోకి పోతాయి కాబట్టి మునగడం అనే మాటే లేదు. రెండోది, ఒంటినిండా నూనె ఉన్నా బిడ్డ జారదు, రెండు వైపులా కాళ్లు గట్టులా ఉంటాయి. మూడోది నాకు చాలా రోజుల తర్వాత తట్టింది: పోసిన ప్రతి చెంబూ పోసేవాళ్ల కాళ్ల మీద కూడా పడుతుంది. నీళ్ల వేడి ముందు వాళ్లకే తెలియాలి. థర్మామీటర్ వాళ్ల పిక్కల్లోనే ఉంది.

చిక్కంతా ఆ పిక్కలకి వేడి అలవాటైపోయి ఉండటంలోనే. మా పెద్దదానికి నీళ్లు పోసిన ఆవిడకి అరవై దాటాయి, రోజూ నాలుగిళ్లలో వేణ్ణీళ్లలో కాళ్లు నానబెట్టే మనిషి. ఆవిడకి గోరువెచ్చన అంటే నాకు పొగలు. "ఎర్రగా కందితేనే ఒళ్లు గట్టిపడుద్దమ్మా, నీకేం తెలుసు" అనేది. పసి చర్మం మన చర్మం కంటే పలచన, అదే వేడికి వాళ్లది ముందు కాలుతుంది. ఒళ్లు కందడం అంటే గట్టిపడటం కాదు, చర్మం వద్దని మొరపెట్టుకోవడం. మా అమ్మ దీనికి ఒక ఉపాయం చేసింది. ఆవిడతో వాదన పెట్టుకోకుండా, ఆవిడ రాకముందే బకెట్లో నీళ్లు కలిపి, మోచేయి ముంచి చూసి, మిగిలిన మరిగిన నీళ్లు వంటింట్లోకి తీసుకెళ్లిపోయేది. బాత్రూంలో ఒక్కటే బకెట్. వేడి పెంచుకుందామన్నా ఆవిడకి దారి లేదు.

అసలు బాధ నీళ్లతో కాదు, నీళ్లతో పాటు జరిగే మిగతా తతంగంతో. ముక్కు సూటిగా రావాలని లాగడం, తల గుండ్రంగా రావాలని ఒత్తడం, గొంతులో వేలు పెట్టి కళ్లె తీయడం, ముక్కులో నూనె చుక్క వేసి నోటితో ఊదడం, ఆఖర్న కాళ్లు పట్టుకుని తలకిందులుగా వేలాడదీసి రెండు ఊపులు ఊపడం. వీటిలో ముక్కు లాగడం వల్ల ఒరిగేదేమీ లేదు, ఎముకకీ మృదులాస్థికీ మీ వేళ్ల మాట వినిపించదు. గొంతులో వేలు పెడితే గోరు గీరుకుంటుంది, క్రిములు చేరతాయి. అన్నిటికంటే చెడ్డది ముక్కులో నూనె. బిడ్డ ఊపిరి పీల్చినప్పుడు ఆ చుక్క ఊపిరితిత్తుల్లోకి దిగితే నిమోనియా వస్తుంది. నూనె నీళ్లలాగా ఇంకిపోదు, లోపల ఉండిపోతుంది కాబట్టి ఆ నిమోనియా అంత తేలిగ్గా లొంగదు కూడా. ఇది మన దేశంలో పిల్లల డాక్టర్లు చూసే జబ్బే.

మాకు తగిలిన దెబ్బ ఇంకోటి. పుట్టిన కొన్ని రోజులకి ఆడా మగా తేడా లేకుండా చాలామంది పిల్లలకి చన్నులు కొంచెం ఉబ్బుతాయి, ఒక్కోసారి పాల చుక్క కూడా వస్తుంది. తల్లి నుంచి వచ్చిన హార్మోన్ల ప్రభావం అది, కొన్ని వారాల్లో దానంతటదే తగ్గుతుంది. ఆ సంగతి నాకు అప్పుడు తెలీదు. పన్నెండో రోజు ఆవిడ "పాలు పిండేయాలి, లేపోతే గడ్డ కడద్ది" అని రెండు వేళ్లతో నొక్కింది. పిల్ల పెట్టిన కేకకి నేను మంచం మీంచి లేచి వచ్చేసరికి పని అయిపోయింది. రెండ్రోజుల్లో ఆ చోటు ఎర్రబడి నిజంగానే గడ్డ కట్టింది. వారం రోజుల మందులు. ఆవిడ గడ్డ కడుతుందని భయపెట్టి చేసిన పనే గడ్డ కట్టించింది. అయినా ఆవిడని మానిపించలేదు. అమ్మ ఒక్క మాట చెప్పింది: "నీళ్లు పోయి, ఒళ్లు రుద్దు. మొహం జోలికీ, ఛాతీ జోలికీ వెళ్లకు." ఆ తర్వాత నేనే ముక్కాలి పీట మీద పక్కన కూర్చునేదాన్ని. ఆ తర్వాతి మూడు నెలలూ బ్రహ్మాండంగా గడిచాయి.

అందుకే అంటున్నా, కాళ్ల మీద స్నానం బాగోలేదనకండి. పోసే చేతులకి హద్దు గీసే మనిషి పక్కన లేకపోతేనే బాగోదు.

ఇంకో సంగతి, ఎవరు కూర్చోగలరు? ఆపరేషన్ అయిన తల్లి నేల మీద కాళ్లు చాపి ముందుకి వంగడం కొన్ని వారాల దాకా కుదరని పని. మోకాళ్ల నొప్పులున్న అమ్మమ్మ కూర్చోగలదు గానీ లేవలేదు, అదీ చేతిలో తడి బిడ్డతో. కూర్చున్నవాళ్ల చేతిలోంచి బిడ్డని తువ్వాల్లోకి అందుకోవడానికి మరొకరు ఉండి తీరాలి. తడి నేల మీద బిడ్డతో ఒంటరిగా లేవడం ఎవరికైనా జూదమే. అమెరికాలో పురుడు పోయడానికి వెళ్లే మన అమ్మలకి ఇంకో చిక్కు, అక్కడి బాత్రూం నేలకి తూము ఉండదు. మా వదిన వాళ్ల అమ్మగారు డాలస్‌లో పెద్దవాళ్ల బాత్‌టబ్‌లోనే దిగి, కాళ్లు చాపి కూర్చుని మనవరాలికి పోశారట. తూము తెరిచి ఉంచితే అది చక్కటి పద్ధతే. గట్టు దాటి లోపలికీ బయటికీ దిగడం ఎక్కడమే ఆ వయసులో కష్టం.

టబ్బులో

టబ్బుకి ఉన్న మొదటి సుగుణం, అది నేర్చుకోవడానికి తేలిక. మా ఆయన మూడో రోజుకే నిలదొక్కుకున్నాడు. ఎడమ ముంజేయి మీద బిడ్డ మెడ ఆనాలి, అదే చేతి వేళ్లు అవతలి చంక కింద నుంచి భుజాన్ని పట్టుకోవాలి. ఆ పట్టు ఒక్కటి కుదిరితే బిడ్డ ఎంత గింజుకున్నా జారదు. కుడి చెయ్యి మిగతా పని చేస్తుంది. నీళ్లు రెండు మూడు అంగుళాలు చాలు. అడుగున పాత నూలు గుడ్డ ఒకటి పరిస్తే జారుడు తగ్గుతుంది, అమ్మ పాత చీర ముక్క అయితే మరీ మంచిది.

రెండో సుగుణం, నీళ్ల వేడి అంతటా ఒకటే. ఒకసారి చూసుకుంటే చాలు, చెంబు చెంబుకీ మారదు. మూడోది చలికాలంలో తెలుస్తుంది. కెనడా సంగతి ఇందాక చెప్పాను కదా, అదే సూత్రం కాళ్ల మీది స్నానానికీ వర్తిస్తుంది. చెంబుకీ చెంబుకీ మధ్య తడి ఒంటికి గాలి తగులుతూ ఉంటుంది. మే నెలలో విజయవాడలో ఆ గాలి వల్ల పోయేదేమీ లేదు. డిసెంబరులో ఆదిలాబాద్‌లోనో లంబసింగిలోనో పొద్దున్నే ఆ పని చేస్తే బిడ్డ ఒళ్లు చల్లబడిపోతుంది. చలి ప్రాంతంలో, చలి రోజుల్లో టబ్బుకే నా ఓటు. అదీ పొద్దెక్కాక, తలుపులు మూసి.

ఇక టబ్బు భయం. పసిబిడ్డ మునగడానికి అంగుళం రెండంగుళాల నీళ్లు చాలు. మెడ నిలవని బిడ్డకి మొహం నీళ్లలో పడితే ఎత్తుకోవడం రాదు. మునిగే బిడ్డ సినిమాల్లోలా చేతులు కొట్టుకోడు, కేక పెట్టడు, చప్పుడే ఉండదు. కాలింగ్ బెల్ మోగిందని, తువ్వాలు మర్చిపోయామని, పాలు పొంగుతున్నాయని లేచి వెళ్లే ఆ అర నిమిషమే ప్రమాదం. వెళ్లక తప్పకపోతే బిడ్డని తడి తడిగానే తువ్వాల్లో చుట్టుకుని వెంట తీసుకెళ్లాలి. మా ఇంట్లో నియమం ఒకటే: ముందు తువ్వాలు, బట్టలు, డైపర్ అన్నీ మంచం మీద పరిచాకే నీళ్లు కలపడం. పోసేవాళ్ల ఫోను వేరే గదిలో.

టబ్బుతో పాటు అమ్మే వల ఉయ్యాలలు, కూర్చోబెట్టే ప్లాస్టిక్ సీట్లు చూసి మోసపోకండి. సీటు అడుగున ఉండే రబ్బరు మూతులు జిడ్డు తగిలితే పట్టు వదిలేస్తాయి, సీటుతో సహా బిడ్డ బోర్లా పడుతుంది. అసలు నష్టం ఇంకా లోతైనది: సీటు ఉంది కదా అని మన చెయ్యి వదులవుతుంది. ఆరో నెలలో బిడ్డ కూర్చోవడం మొదలెట్టాక "ఇక ఫర్వాలేదు" అనుకుంటాం. మా వాడు ఏడో నెలలో తేలే బొమ్మ కోసం వంగి ఒక్కసారిగా పక్కకి ఒరిగాడు. మా ఆయన చెయ్యి వాడి వీపు మీదే ఉంది కాబట్టి ఒక గుటకతో పోయింది.

నూనె రాసే అలవాటున్న ఇళ్లలో టబ్బుకి ఇంకో ఇబ్బంది. జిడ్డు ఒళ్లు, జిడ్డు చేతులు, నునుపు ప్లాస్టిక్, మూడూ కలిస్తే సబ్బు ముక్కని పట్టుకున్నట్టే. నూనె పెట్టే రోజు కాళ్ల మీద పోయండి, లేదంటే నూనెని మెత్తటి గుడ్డతో అద్ది తీసేశాక టబ్బులో దించండి, లేదా స్నానం అయ్యాకే కొంచెం నూనె రాయండి. మేం మూడోది చేశాం.

నీళ్లు

పద్ధతి ఏదైనా నీళ్ల వేడి 37, 38 డిగ్రీలు, అంటే మన ఒంటి వేడంత. చేతి వేళ్లతో చూడకండి, వంట చేసే వేళ్లకి వేడి తెలీదు. మోచేయి ముంచితే వేడిగానూ చల్లగానూ అనిపించకూడదు. ముందు చన్నీళ్లు పోసి తర్వాత వేణ్ణీళ్లు కలపాలి. మనలో చాలామంది పొగలు కక్కే బకెట్లో చన్నీళ్లు పోస్తారు, మధ్యలో ఎవరైనా పిలిస్తే ఆ పొగలు కక్కే బకెట్ అలాగే ఉండిపోతుంది, ఇంట్లో మూడేళ్ల పెద్ద పిల్ల అటూ ఇటూ తిరుగుతూ ఉంటుంది. కలిపాక చేత్తో అడుగు దాకా తిప్పాలి, లేకపోతే పైన ఒక వేడి, అడుగున ఒక వేడి.

గీజరు నీళ్లు 60 డిగ్రీల దాకా వెళ్లడం మామూలే. ఆ వేడికి పెద్దవాళ్ల చర్మమే ఐదారు సెకన్లలో లోతుగా కాలుతుంది, పసివాళ్లది ఇంకా ముందే. కాబట్టి బిడ్డ టబ్బులో ఉండగా గీజరు కుళాయి తిప్పే ప్రసక్తే లేదు. హీటర్ రాడ్డు పెట్టేవాళ్లు స్విచ్ ఆపి, ప్లగ్గు పీకి, రాడ్డు బయట పెట్టాకే బకెట్‌ని ముట్టుకోవాలి. గ్యాస్ గీజరు బాత్రూం లోపలే ఉందనుకోండి, తలుపులు మూసిన చిన్న గదిలో దాన్నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కి రంగూ వాసనా ఉండవు. చలని కిటికీ మూసేస్తాం, అదే ప్రాణం మీదికి తెస్తుంది. ఆ ఇంట్లో నీళ్లు పట్టుకుని వచ్చి పడకగదిలో టబ్బు పెట్టుకోవడమే మేలు.

రోజూ పోయాలా? మన ఎండలకి, చెమటకాయలకి రోజూ పోసినా తప్పు లేదు, చలికాలంలో వారానికి రెండు మూడు సార్లు పోసి మిగతా రోజులు మొహం, మెడ మడతలు, చంకలు, గజ్జలు తుడిచినా సరిపోతుంది. ఏ రోజైనా పది నిమిషాలు దాటొద్దు. పాలు తాగిన వెంటనే వద్దు, కక్కేస్తారు. టీకా వేయించిన రోజు పోయొచ్చా అని అందరూ అడుగుతారు. పోయొచ్చు. ఆరు, పది, పద్నాలుగు వారాలకి వేసే సూదులు ఎక్కువగా తొడకే ఉంటాయి, సూది పడిన చోట రుద్దకుండా ఉంటే చాలు. మూడు నెలల లోపు బిడ్డ ఒళ్లు 38 డిగ్రీలు దాటితే మాత్రం స్నానం మాట మర్చిపోయి డాక్టరు దగ్గరికి వెళ్లాలి.

సున్నిపిండా, సబ్బా

మొదటి నెలా రెండు నెలలు రెండూ అక్కర్లేదు, నీళ్లు చాలు. పసిబిడ్డలకి అంటే మురికి పాల కక్కులు, చెమట, డైపర్ చోటు, అంతే.

తర్వాత కావాలంటే, ఇక్కడ అమ్మతో నాకు ఇప్పటికీ పడదు. సున్నిపిండి పెసలు, శనగపప్పు, కచ్చూరాలు కలిపి ఆడించిన మంచి వస్తువే, పెళ్లికూతురికి నలుగు పెట్టడానికి దాన్ని మించింది లేదు. పసి చర్మానికి అది గరుకు. మెడ మడతల్లో, చంకల్లో ఇరుక్కుని పుల్లబడుతుంది, అక్కడ ఒరిసిపోతుంది. ఒంటి మీది నూగు పోవాలని పిండి ముద్దతో రుద్దుతారు, ఆ నూగు రుద్దకపోయినా కొన్ని వారాల్లో రాలిపోతుంది. మామూలు సబ్బూ గొప్పదేం కాదు. చర్మం సహజంగా కొంచెం ఆమ్ల గుణంతో ఉంటే, సబ్బు క్షారం, రాసిన ప్రతిసారీ ఆ సమతూకం చెడుతుంది. పిల్లల కోసం క్షారం లేకుండా చేసిన, వాసన లేని ద్రవం ఏదైనా ఒక చుక్క, వారానికి రెండు మూడు సార్లు, చివరి నిమిషంలో. ముందే రాస్తే బిడ్డ ఆ నురగలోనే నానుతుంది.

నూనెల్లో కొబ్బరినూనెకి వంక పెట్టాల్సిన పని లేదు. మన నువ్వులనూనెకీ మంచి మార్కులే ఉన్నాయి. 2000లో మన దేశంలో జరిగిన ఒక అధ్యయనంలో రకరకాల నూనెలతో నెల రోజులు మర్దన చేసి చూస్తే, నువ్వులనూనె రాసిన పిల్లల ఎదుగుదల మెరుగ్గా కనిపించింది. ఆవనూనె, ఆలివ్ నూనె మాత్రం పసి చర్మం పైపొరని బలహీనం చేస్తాయంటారు. ఖరీదు ఎక్కువ కాబట్టి ఆలివ్ మంచిదనుకునేవాళ్లు గమనించండి. మాడు మీద ఆముదం అద్దితే ఫర్వాలేదు, పొలుసులు మెత్తబడతాయి. మాడు మెత్తగా ఉందని భయపడి కడగడం మానేయక్కర్లేదు, పూడాలని చరచనూ అక్కర్లేదు. ముందు వైపుది దానంతటదే ఏడాది, ఏడాదిన్నరకి పూడుతుంది.

సాంబ్రాణి పొగ సంగతి చెబితే అత్తగారు అలుగుతారు, అయినా చెబుతున్నా. జుట్టు ఆరడానికి పొగ అక్కర్లేదు, పొడి తువ్వాలు చాలు. నిప్పుల మీద బిడ్డని పట్టుకునే ఆ నిమిషంలో పొగ పోయేది ఊపిరితిత్తుల్లోకే. వాసన కావాలంటే బిడ్డ లేని గదిలో వేసి, పొగ పోయాక తీసుకెళ్లండి. మా ఇంట్లో అలాగే రాజీ కుదిరింది.

మరి ఏది

బొడ్డు ఊడేదాకా తుడుపు. ఆ తర్వాత నాలుగైదు నెలల దాకా, పోయడం తెలిసిన పెద్దామె, మాట వినే పెద్దామె ఇంట్లో ఉంటే, నీళ్లు మీరు కలిపి ఇవ్వగలిగితే, పక్కన కూర్చునే తీరిక ఉంటే, కాళ్ల మీదే. నేను ఎన్నుకోవాల్సి వస్తే అదే ఎన్నుకుంటాను. ఈ షరతుల్లో ఒక్కటి తప్పినా టబ్బు. ఇంట్లో మొగుడూ పెళ్లామే ఉంటే, తల్లికి కుట్లుంటే, చలికాలమైతే, రెండో ఆలోచన లేకుండా టబ్బు. తిరగబడటం, కాళ్లతో తన్నుకోవడం మొదలయ్యాక కాళ్ల మీద ఎవరివల్లా కాదు, అప్పుడు ఎలాగూ అందరూ టబ్బుకో వెడల్పాటి బేసినుకో రావాల్సిందే.

మా వాడికి నాలుగో నెల వచ్చాక, సెప్టెంబరులో, అమ్మ రాగలిగింది. రాగానే పీట వేయించుకుని, కాళ్లు చాపి వాడిని పడుకోబెట్టింది. వాడు రెండు తన్నులు తన్ని, బోర్లా తిరిగి, ఆవిడ చీరంతా తడిపి, పాకుదామన్నట్టు తల ఎత్తి చూశాడు. "వీడు నా కాళ్ల మీద ఉండే బాపతు కాదు, తీసుకోండి బాబూ" అని మా ఆయనకి అందించేసింది. ఆయన టబ్బులో పోస్తుంటే పక్కనే నిలబడి అన్నీ చూసి, నీళ్లలో మోచేయి ముంచి చూసి, ఏ వంకా దొరక్క ఊరుకుంది. ఆఖర్న మాత్రం చెంబు ఆవిడే తీసుకుంది. విడిగా తీసిపెట్టిన నీళ్లు వాడి చుట్టూ తిప్పి, "శ్రీరామరక్ష, నూరేళ్లాయుష్షు" అని పక్కకి పారబోసి, "ఈ ఒక్కటీ మర్చిపోతున్నారు మీరు" అంది.